సముద్రం విడిచి వెళ్ళిన ఊరు - ఘంటసాల

ఘంటసాల అనగానే తెలుగువారి చెవుల్లో ముందుగా ఒక పాట మోగుతుంది. అది సహజమే. 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఆ మహాగాయకుని ఇంటిపేరు లోకమంతటికీ తెలుసు. అయితే ఆ ఇంటిపేరు ఒక ఊరి పేరని, ఆ ఊరు కృష్ణాజిల్లాలో ఇప్పటికీ ఉన్నదని, పద్దెనిమిది పంతొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఆ పేరు ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియాలో ఒక గ్రంథకర్త కలం కిందికి వెళ్ళిందని చాలామందికి తెలియదు. నాకూ చాలాకాలం తెలియలేదు. పామిడిముక్కల నుండి ఆగ్నేయంగా గీత గీస్తే ఘంటసాలకు పట్టుమని ఇరవై కిలోమీటర్లు ఉండదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆ దారిన ఎన్నిమార్లు వెళ్ళానో లెక్కలేదు. చల్లపల్లి బస్సు కిటికీలోనుండి వరిచేలు, చెరుకుతోటలు, కాలువగట్లు చూశానే తప్ప, ఒక రేవుపట్టణం పక్కనుండి పోతున్నానన్న ఊహ ఏనాడూ కలగలేదు.

ఆ తెలియనితనానికి ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలు.

ముందుగా నేల సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ ఊరి చరిత్ర యావత్తూ నేలలోనే ఉన్నది. ఘంటసాల మచిలీపట్నానికి పడమరగా సుమారు 21 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దక్షిణాన చల్లపల్లి, అది దాటితే అవనిగడ్డ, పులిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, నడుమ దివిసీమను ఒడిలో పెట్టుకొని సముద్రంలో కలుస్తుంది. ఊరికి పడమట, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం. ఆంధ్రమహావిష్ణువు కొలువైన ఊరు, రాయలవారికి ఆముక్తమాల్యద వ్రాయమని కలలో ఆనతి అయిన ఊరు. మరికొంత ఉత్తరాన కూచిపూడి, మొవ్వ. ఇంత చిన్న మేరలో ఇన్ని ప్రసిద్ధులు ఒక్కచోట చేరడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. నది ఎక్కడ తన భారం దించుకుంటుందో అక్కడ మనుషులు కూడా తమ మూటలు దించుకుంటారు.

ఈ సీమలో ఒక విశేషమున్నది. ఎంత తవ్వినా రాయి తగలదు. పిల్లలు విసురుకోవడానికి గులకరాయి కూడా కాలువ పనులకో రోడ్డు పనులకో పైనుండి తెచ్చి పోసిందే కావాలి. పైన నల్లని ఒండ్రు, దాని కింద ఇసుక. అక్కడక్కడ ఆ ఇసుకే పైకి తేలి, పొడవాటి మెరకలుగా సముద్రతీరానికి సమాంతరంగా సాగుతూ ఉంటుంది. తాటిచెట్లు ఆ మెరకల మీదనే బారులు తీరి కనిపిస్తాయి. తియ్యని నీటి బావులు వాటి మీదనే పడతాయి. ఆ మెరకలు మరేమో కావు, పాత సముద్రపు ఒడ్డులు. నది మోసుకొచ్చిన మట్టినీ ఇసుకనూ అలలు వెనక్కి నెట్టి కట్టలు కడతాయి. కట్ట వెనుక మడుగు పూడి పొలమవుతుంది. కట్టకు ముందు సముద్రం ఇంకొక కట్ట పోస్తుంది. ఇలా వేల సంవత్సరాలుగా కృష్ణ సముద్రాన్ని అడుగడుగునా వెనక్కి జరుపుతూ వచ్చింది. ఆకాశం నుండి తీసిన ఛాయాచిత్రాలలో ఈ పాత ఒడ్డులు చెట్టు మొదలును నరికితే కనిపించే వలయాల వలె ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి.

మా ఊళ్ళ పేర్లు కూడా ఈ కథనే చెబుతాయి. పామిడిముక్కల మండలంలోనే లంకపల్లి, ఫత్తేలంక ఉన్నాయి. లంక అంటే నీటి నడుమ నేల. వీరంకిలాకు ఉన్నది. లాకు అన్నది కాలువ మీద పడవను ఒక మట్టం నుండి మరొక మట్టానికి దింపే కట్టడం, ఇంగ్లీషు ఇంజనీరు తెచ్చిన మాట. ఒక పేరు నది పెట్టింది, ఒక పేరు కాలువ పెట్టింది. ఘంటసాల పేరు మాత్రం ఈ రెండింటికంటే పాతది.

* * *

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే పండితుడు భూగోళ గ్రంథం ఒకటి రచించాడు. ఆయన ఇటువైపు వచ్చిన వాడు కాడు. వచ్చిపోయే నావికులు, వర్తకులు చెప్పినది విని, ఒక్కొక్క స్థలానికి అక్షాంశ రేఖాంశాలు గణించి వరుసగా పేర్చాడు. ఆయన మన తీరానికి పెట్టిన పేరు మైసోలియా, మన నదికి పెట్టిన పేరు మైసోలస్. అది కృష్ణ అని పండితుల నిర్ణయం. మైసోలస్ ముఖద్వారం చెప్పిన వెంటనే ఆయన పేర్కొన్న ఊరు కొంటకోస్సిల. దాని పక్కన ఎంపోరియన్ అని చేర్చాడు, అంటే వర్తకస్థానం. అటుపిమ్మట కొడ్డూర, దానిని మచిలీపట్నం దగ్గరి గూడూరుగా గుర్తించారు. ఆపైన అల్లోసిగ్నె అనే మరొక వర్తకస్థానం. దానిని దాటిన తరువాత ఒక చోటు నుండి ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రం మీదుగా స్వర్ణభూమికి సాగిపోయేవట. ఆయనకు సుమారు వందేళ్ళకు ముందే పేరు తెలియని ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అనే గ్రంథంలో, మసాలియా అనే ఈ సీమలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని ఉన్నది.

కొంటకోస్సిల అన్నది గ్రీకు నాలుక మీద నలిగిన రూపం. అసలు రూపం మన శాసనాలలో భద్రంగా ఉన్నది. అమరావతి స్తూపానికి దానమిచ్చిన వారిలో ఉత్తర అనే ఉపాసిక ఉన్నది. ఆమె ఊరు కంటకసోల. ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనాలలో కంటకసోల నివాసియైన ఒక గృహపతి కనిపిస్తాడు. వాటిలోనే శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. మహానావికుడు! వరికోతలూ మినపచేలూ తప్ప మరేమీ ఎరుగని ఈ నేల మీద, ఒక మనిషికి ఆ బిరుదు ఉండేది. సాతవాహనుల నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మను చూసినవారికి ఆ బిరుదు అతిశయోక్తి అనిపించదు.

అన్నిటికంటే నన్ను కదిలించినది నాగార్జునకొండ శాసనం. క్రీ.శ. మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనావర్షంలో, బోధిశ్రీ అనే ఉపాసిక అక్కడి చుళధర్మగిరి విహారంలో ఒక చైత్యగృహం కట్టించి తామ్రపర్ణి, అంటే సింహళదేశపు, ఆచార్యులకు అర్పించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ - ఇన్ని దేశాల ప్రజలకు ధర్మాన్ని బోధించినవారని ఆ ఆచార్యులను శాసనం పొగిడింది. ఆ తరువాత ఆమె వేరు వేరు చోట్ల చేయించిన పుణ్యకార్యాల పట్టీ ఇచ్చింది. ఆ పట్టీలో ఒక పంక్తి మనది. కంటకసేలలో మహాచైత్యపు తూర్పు ద్వారం దగ్గర ఒక శిలామంటపం.

చీనా, గాంధారం, యవనం అన్న పేర్లు చెక్కిన రాతి మీదనే మా పొలాల నడుమ ఉన్న పల్లె పేరు చెక్కి ఉన్నదని తెలిసిన రోజున నాకు నిద్రపట్టలేదు. రాయి దొరకని నేల మీద ఆమె శిలామంటపం కట్టించింది. ఈ సీమ స్తూపాలకు వాడిన ఆ లేత ఆకుపచ్చ ఛాయ గల సున్నపురాయి పల్నాటిది. అంటే ప్రతి స్తంభమూ, ప్రతి పలకా నది మీద పడవనెక్కి దిగువకు రావలసిందే. నది ఒండ్రును మోసినట్లే రాతిని కూడా మోసింది.

పేరు గురించి ఒక మాట. గంటల శాల గనుక ఘంటసాల అని ఊళ్ళో చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గాని, శాసనాల కంటకసేల ముందు అది నిలవదు. కంటకం అంటే ముల్లు, సేల అంటే శైలం, రాయి. మొదటి ఒకటి రెండు అక్షరాలు మెత్తబడి, ఒక అక్షరం జారిపోయి, కంటకసేల ఘంటసాల కావడం వింత కాదు. సిద్ధార్థుని గుర్రం పేరు కంథకం గదా, ఈ ఊరి పేరులో ఆ గుర్రం ఉన్నదేమోనని నేనూ ఒకప్పుడు ఆశపడ్డాను. శాసనంలో ఉన్నది టకారం, గుర్రం పేరులో ఉన్నది థకారం. ఆశ వదులుకోక తప్పలేదు. మరి రాయి లేని చోట శైలం ఏమిటి? నా ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోవాలి. కనుచూపు మేర చదునుగా ఉన్న నేల మీద, తెల్లని రాతి పలకలు తొడిగిన స్తూపమే ఆ ఊరికి కొండ. సముద్రం మీదినుండి వచ్చేవారికి మొదట కనిపించేది అదే అయి ఉంటుంది.

* * *

ఆ కొండ ఏమయింది? ఈ ప్రశ్నకు సమాధానం వ్రాయడానికి నాకు కొంచెం సంకోచంగా ఉన్నది. ఎందుకంటే అందులో మా వాటా ఉన్నది.

1894లో మద్రాసులో ఒక గ్రంథం అచ్చయింది. పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రే భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను పరిశీలించి వ్రాసిన గ్రంథమది. ఘంటసాల దిబ్బను తవ్వి చూసినప్పుడు వంద అడుగులకు పైబడిన వ్యాసం గల ఇటుక కట్టడపు పునాది బయటపడింది. అందులో ఒక చమత్కారమున్నది. వెలుపలి గోడ గుండ్రంగా ఉండగా, నడిమధ్యన ఇటుకలతో నిండుగా కట్టిన చతురస్రం, దాని చుట్టూ మరొక చతురస్రం, వాటిని కలుపుతూ అడ్డుగోడలు. గోడల నడుమ గదులను మట్టితో నింపి పైన అండాన్ని లేపారు. కట్టడమంతా ఇటుకతో నింపే పని తప్పింది, మెత్తని ఒండ్రు నేల మీద బరువూ తగ్గింది. డెల్టా నేల గుణం తెలిసిన మేస్త్రీల పని అది.

రే వచ్చేనాటికే చాలా నష్టం జరిగిపోయింది. ఒక్క ఘంటసాల కథే కాదిది. కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలు మహాస్తూపం ఇటుకలు రోడ్డుకు పోయాయి, పాలరాయి వంటి పలకలు కాలువ తూము కట్టడానికి పోయాయి. మిగిలిన గర్భంలో 1892లో రే ధాతుకరండాలను కనుగొన్నాడు. ఆ కరండాల మీది అక్షరాలు తెలుగునాట దొరికిన అతిప్రాచీన లిపులలో ఒకటి. తూముకు పోయిన పలకల మీద ఏమి ఉన్నదో ఇక ఎవరూ చదవలేరు.

ఇది చదివి తెల్లదొరలను తిట్టుకోవడం సులభం. కాని చిన్నప్పుడు బంధువుల ఇంట చూసిన ఒక దృశ్యం నన్ను ఆ పని చేయనివ్వదు. వారి పశువుల కొట్టంలో కుడితిగోలెం కింద ఎత్తుకోసం పెట్టిన ఇటుక ఒకటి ఉండేది. మూరెడు పొడవు, అందులో సగం వెడల్పు. ఒక్కచేత్తో ఎత్తలేకపోయాను. ఇదెక్కడి ఇటుక అని అడిగితే, దిబ్బ ఇటుకలే నాయనా, మా తాతలనాడు బండ్లకెత్తి తెచ్చుకున్నారు, ఇప్పటివాటిలా పొడి రాలవు అని ఆ ఇంటి పెద్దావిడ గర్వంగా చెప్పింది. ఆమె గర్వంలో దోషమేమీ లేదు. మెత్తని మట్టి తప్ప మరేమీ లేని సీమలో, కాల్చిన గట్టి ఇటుక ఉచితంగా దొరికితే ఏ గృహస్థు వదులుకుంటాడు? స్తూపం అన్న మాట మరచిపోయి అప్పటికే వేయి సంవత్సరాలు దాటింది.

కాలువల సంగతి కూడా న్యాయంగా చూడాలి. 1832-33లో వచ్చిన కరవులో ఈ ప్రాంతంలో జనం లెక్కకు మిక్కిలిగా చనిపోయారు. పక్కన నిండుగా నది పారుతూ ఉండగానే చేలు ఎండిపోయేవి. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఆ గాథను మార్చింది. కాటన్ దొర సంకల్పం, చార్లెస్ ఓర్ దొర నిర్వహణ. 1952 వరదలో ఆ ఆనకట్ట తెగింది. 1954లో మొదలుపెట్టి 1957 నాటికి ప్రకాశం బ్యారేజి కట్టారు. మా తాతలు తిన్న అన్నం, మేము చదివిన చదువులు ఆ కాలువల నీరే. ఆ కాలువల తూములలో ఒకదానిలోనైనా బుద్ధుని కథ చెక్కిన రాయి ఉన్నది. ఆ రాయి తీసి ఈ అన్నం వద్దనగలనా? అనలేను. అలాగని ఆ రాయి పోయినందుకు బాధ లేదనగలనా? అదీ అనలేను. ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకొని బ్రతకడమే ఈ సీమవాడి చరిత్ర అని ఇప్పుడు అనుకుంటున్నాను.

మిగిలిన శిల్పాలలో కొన్ని సముద్రాలు దాటి పారిస్‌లోని గిమె ప్రదర్శనశాలకు చేరాయి. మహానావికుని ఊరి శిల్పాలు అలా ఓడ ఎక్కాయి, కాకపోతే తిరుగు ప్రయాణం లేదు. ఊళ్ళో ఉన్న స్తూపపు దిబ్బ ఇప్పుడు పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది.

* * *

రేవు ఎందుకు పోయింది? యుద్ధం వల్ల కాదు, రాజాజ్ఞ వల్ల కాదు. నది తన పని తాను చేసుకుంటూ పోయింది. పాయ పూడింది, తీరం జరిగింది. ఓడలు మరొక రేవు వెతుక్కున్నాయి. కాకతీయుల నాటికి తీరాన మోటుపల్లి ప్రసిద్ధికెక్కింది. గణపతిదేవుడు అక్కడ విదేశీ వర్తకులకు అభయశాసనమిచ్చాడు. గోలకొండ సుల్తానుల నాటికి వైభవం మచిలీపట్నానిది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడికి వచ్చింది కూడా పెరిప్లస్ చెప్పిన ఆ నూలుబట్టల కోసమే. పదిహేను వందల ఏళ్ళు గడిచినా సరుకు మారలేదు, రేవు మారింది. తరువాత ఆ బందరు రేవు కూడా మేట వేసింది. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకొని పడవల మీద సరుకు దింపుకోవలసి వచ్చింది. బందరులో మళ్ళీ కొత్త ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి.

సముద్రం వెళ్ళిపోయిందనుకొని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది వరకు పోయారని ఆనాటి అంచనా. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన మా తరం కళ్ళ ముందటిది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. పాత ఒడ్డు ఎక్కడున్నదో మనం మరచినా సముద్రం మరచిపోలేదు. మరొక మార్పు నెమ్మదిగా జరుగుతున్నది. 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలైంది, ఆ తరువాత శ్రీశైలం వచ్చింది. ఒండ్రు ఆ జలాశయాలలోనే ఆగిపోతున్నది. దిగువకు వచ్చే మట్టి బాగా తగ్గిపోయి, కృష్ణ ముఖద్వారాల దగ్గర కొన్ని చోట్ల తీరం కోతకు గురవుతున్నదని భూగోళ శాస్త్రజ్ఞులు చూపించారు. వేల ఏళ్ళుగా సముద్రాన్ని నెట్టుకుంటూ వచ్చిన నది ఇప్పుడు నెట్టలేకపోతున్నది.

ఘంటసాలలో ఒక శివాలయం ఉన్నది. శివపార్వతులు ఒకే పీఠం మీద కొలువైన అరుదైన ఆలయం. స్వామి పేరు జలధీశ్వరుడు. జలధి అంటే సముద్రం. చుట్టూ పొలాలే తప్ప సముద్రం జాడ లేని ఊళ్ళో, సముద్రానికి అధిపతియైన దేవునికి ఈనాటికీ దీపం పెడుతున్నారు. శాసనాలు చదవనివారు కూడా, తెలియకుండానే, తమ ఊరు ఒకప్పుడు ఎక్కడ ఉండేదో ఆ పేరులో దాచుకున్నారు.

క్రిందటిమారు వెళ్ళినప్పుడు స్తూపం దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాను. తూర్పు వైపు ఏ మూల బోధిశ్రీ మంటపం ఉండేదో అంచనా వేయడానికి ప్రయత్నించాను. అక్కడ ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఇదేమిటో తెలుసునా బాబూ అని అడిగాను. దిబ్బండీ అన్నాడు. మా పెద్దావిడ అన్న మాటే. ఓపిక చేసుకొని, ఓడల సంగతి, శివకుని సంగతి, రాతిమంటపం కట్టించిన అమ్మ సంగతి చెప్పాను. వాడు అంతా విని, మరి సముద్రం ఇక్కడికి మళ్ళీ వస్తుందా అండీ అని అడిగాడు. ఏమి చెప్పాలో తోచక, వాడితో పాటు తూర్పుకు చూశాను. అటు వరిచేలే ఉన్నాయి.

చదువరులలో ఈ సీమవారు ఎవరైనా ఉంటే, మీ ఇంటి పెరట్లోనో కొట్టంలోనో మూరెడు పొడవు ఇటుక కనిపిస్తే పారేయకండి. అది ఎక్కడిదో ఇంట్లో పెద్దలను ఒక్కసారి అడిగి వ్రాసి పెట్టండి.